మహారాజశ్రీ ముగింపుకు ముందటి ఎపిసోడ్ గారి సముఖమునకు

ఆర్యా,

యానిమేషన్ సీరియళ్ల అభిమాని ఒకరు తమరికి విన్నవించుకునేది ఏమనగా, సీజన్ మొత్తంలో సుఖమైన ఉద్యోగం తమరిదేనని మా నిశ్చితాభిప్రాయం. శత్రువు సైన్యాన్ని పోగుచేయడం, ఆకాశం ఎర్రబారడం, అలిగి వెళ్లిన మిత్రులు ఒక్కొక్కరే తిరిగి రావడం, రేపటితో అంతా తేలిపోతుందని ఒక పెద్దాయన గంభీరంగా పలకడం తమరి వాటా. తేల్చే పని మాత్రం ఫినాలేది, అంటే చివరి ఎపిసోడ్‌ది. అప్పుపత్రం తమరు రాసి, సంతకం దాని చేత పెట్టిస్తారు. అది తీర్చలేకపోతే తిట్లన్నీ దానికే పడతాయి. "దీనికంటే ముందటిదే బాగుంది" అన్న కితాబు తమరికి దక్కుతుంది.

తమరి గాంభీర్యం వెనుక ఉన్న లెక్క మాకు తెలియనిది కాదు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 22 నిమిషాలకు 31,680 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా 15,840 బొమ్మలు గీయాలి. చివరి యుద్ధానికి చిత్రకారుల శ్రమనూ, గడువునూ, డబ్బునూ దాచిపెట్టాలంటే ఎక్కడో కోత పడక తప్పదు. ఆ కోతను తాత్త్వికతగా చూపించే తమరి నేర్పు అమోఘం. కథానాయకుడు కొండ అంచున నిలబడి దిగంతాన్ని చూస్తుంటాడు. జుట్టూ, భుజం మీది వస్త్రమూ మాత్రమే కదులుతాయి, అదీ గీసిన కాసిని బొమ్మలే మళ్లీ మళ్లీ తిరగడం వల్ల. ఒకే నిశ్చల చిత్రం మీదుగా కెమెరా నింపాదిగా జరుగుతుంది. గతస్మృతుల పేరిట పాత ఎపిసోడ్ల దృశ్యాలు ఉన్నవి ఉన్నట్టే వచ్చి కూర్చుంటాయి. మేమేమో ఆ పాత్ర లోలోపల మథనపడుతోందని కళ్లు తుడుచుకుంటాం. (కదలిక లేనిచోట నటుల గొంతూ సంగీతమూ భారం మోస్తాయి కనుక, ఆ మథనం కొన్నిసార్లు నిజంగానే బాగుంటుంది. ఆ ఘనత మాత్రం తమరిది కాదు.)

తమరి వంశంలో నిజాయితీపరులు లేకపోలేదు. "అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్" సీరియల్‌లో తోకచుక్క రాబోతోందని 2005లోనే చెప్పి, 2008 జూలై 19న ముగింపులో గానీ దాన్ని దింపలేదు. ముందురోజు వచ్చిన ఎపిసోడ్‌లో నాయకబృందం తమ కథనే నాటకంగా చూడటానికి వెళుతుంది. అప్పటిదాకా జరిగిన కథకు సంగ్రహమే అయినా, ఆ సంగతిని అది దాచుకోలేదు. టాఫ్ అనే చిన్నపిల్ల వేషాన్ని కండలు తిరిగిన భారీకాయుడు కడితే ఆ పిల్ల మురిసిపోతుంది. నాటకం చివర నాయకుడు చచ్చి శత్రురాజు గెలిస్తే, చూస్తున్న జనం చప్పట్లు కొడతారు. రాబోయే యుద్ధం మీద అంత భయాన్ని నవ్విస్తూనే పుట్టించిన ఆ ఒక్క ఎపిసోడ్ ముందు, కొండ అంచున తమరు నిలబెట్టిన నాయకులందరూ వెలవెలబోతారు.

మిగతా బంధువుల సంగతి వేరు. "గ్రావిటీ ఫాల్స్"లో ఒకరు 2015 నవంబరు 23న లోకాన్ని ప్రళయం నడుమ వదిలి వెళ్లగా, ముగింపు 2016 ఫిబ్రవరి 15న దయచేసింది. ప్రళయమంతటిది 12 వారాలు సెలవు పెట్టింది. "ఎటాక్ ఆన్ టైటన్" అయితే "చివరి సీజన్" అని చెప్పి 2020 డిసెంబరులో మొదలై, 2023 నవంబరులో గానీ ముగియలేదు. ఆ మూడేళ్లూ మాకు ఎటు చూసినా తమరే కనిపించారు.

కావున మా మనవి ఇది. శత్రువు ముసుగు తీయబోయే క్షణాన తెరను నల్లగా మార్చవద్దు. ఆ ముఖం ఎవరిదో మొదటి సీజన్‌లోనే మేము పసిగట్టి ఉంటే అంత సంగీతమూ అక్కర్లేదు. చేసిన వాగ్దానాలలో ఒక్కదానినైనా, అది ఒక క్షమాపణ కానివ్వండి, పాత పగ తీరడం కానివ్వండి, మరుసటి ఎపిసోడ్‌లో లేచి కూర్చోని మరణం కానివ్వండి, తమరి నిడివిలోనే చెల్లించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయ ప్రేక్షకుడు

తా.క.: ఈ ఉత్తరం ముగించేలోగా మరో సీజన్ ప్రకటించారు. పై మనవిని దానికి కూడా యథాతథంగా వర్తింపజేయగలరు.