‘సురక్షితంగా దిగింది’.. అంతేనా?

గోవా నుంచి వచ్చిన స్పైస్‌జెట్ విమానం 2022 అక్టోబర్ 12, బుధవారం రాత్రి పొగతో శంషాబాద్‌లో దిగింది. 86 మంది ప్రయాణికులు ఎమర్జెన్సీ ద్వారాల్లోంచి బయటపడ్డారు. దిగే తొందరలో ఒకరి కాలు గీసుకుపోయింది. ఆ హడావుడిలో మరో తొమ్మిది విమానాలను దారి మళ్లించారు. ఆ వెంటనే మనకు అలవాటైన మాట వచ్చేసింది: విమానం సురక్షితంగా దిగింది. గండం గడిచింది, ఇక ఎవరి పని వాళ్లు చూసుకోండి అన్నట్టుంటుంది ఆ మాట. మా పేచీ దానితోనే.

జులై 2న కూడా ఇదే మాట విన్నాం. ఢిల్లీ నుంచి జబల్‌పూర్ బయల్దేరిన ఇదే సంస్థ విమానం, ఇదే క్యూ400 రకం (చిన్న ప్రొపెల్లర్ విమానం), 5,000 అడుగుల ఎత్తు దాటుతుండగా క్యాబిన్‌లోకి పొగ వచ్చింది. వెనక్కి తిప్పి ఢిల్లీలోనే దించారు. సురక్షితంగానే! ఈ సంస్థ విమానాల్లో 18 రోజుల్లో ఎనిమిది సాంకేతిక లోపాల ఘటనలు లెక్క తేలాక, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ షోకాజ్ నోటీసు ఇచ్చింది. 48 విమానాల్లో 53 ఆకస్మిక తనిఖీలు జరిపింది. పెద్ద లోపాలేవీ కనపడలేదని ప్రభుత్వం రాజ్యసభకు చెప్పింది. అదే నెల 27న మాత్రం స్పైస్‌జెట్ సర్వీసులను సగానికి కోసేశారు. లోపాలే లేకపోతే కోత దేనికి? కోత పెట్టాల్సినంత ఉంటే తనిఖీల్లో దొరకలేదేం? సెప్టెంబర్‌లో ఆ ఆంక్షలను అక్టోబర్ 29 దాకా పొడిగించారు. అంటే బుధవారం నాటి విమానం డీజీసీఏ ‘గట్టి నిఘా’ కింద ఎగిరిన విమానమే.

ఎప్పుడైనా సాంకేతిక లోపం రావడం సహజమనీ, పైలట్లు శిక్షణకు తగ్గట్టే ప్రవర్తించారనీ వాదించేవాళ్లున్నారు. పైలట్లను మేమూ తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతికి ఆ విమానం ఎలా వచ్చిందన్నదే ప్రశ్న.

చాలా విమానాల్లో మనం పీల్చే గాలి ఇంజన్ దగ్గర్నుంచే వస్తుంది. ఇంజన్ లోపలికి లాగిన గాలిలో కొంత భాగాన్ని, ఇంధనంతో కలవకముందే పక్కకు తీసి, చల్లబరిచి క్యాబిన్‌లోకి వదులుతారు. ఇంజన్‌లో తిరిగే భాగాన్ని మోసే బేరింగ్ దగ్గర ఆయిల్‌ను ఆపే సీల్ దెబ్బతింటే ఆయిల్ ఆ గాలిలోకి కారుతుంది, వేడికి మాడి పొగై సీట్ల మధ్యకు వచ్చేస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఇక్కడ చెల్లదు. బుధవారం నాటి విమానం ఏసీ వ్యవస్థలోకి ఆయిల్ చేరిందని ప్రాథమిక పరిశీలనలో తేలాక, స్పైస్‌జెట్‌కు చెందిన 14 క్యూ400 విమానాల్లోని 28 ఇంజన్ల ఆయిల్ శాంపిళ్లను కెనడాలోని ఇంజన్ తయారీ సంస్థకు పంపాలని డీజీసీఏ ఆదేశించింది. అప్పటిదాకా నెలకోసారి చేసే ఆ పరీక్షను 15 రోజులకోసారి చేయమన్నారు. మంచిదే. ఈ 15 రోజుల లెక్క జులైలో ఎందుకు తట్టలేదు?

దిగితే చాలనుకునేవాళ్లు రియాద్ సంగతి తెలుసుకోవాలి. 1980 ఆగస్టు 19న సౌదీ అరేబియా సంస్థ సౌదియా విమానం పొగతో వెనక్కి తిరిగి, రియాద్‌లో చక్కగా దిగింది. రన్‌వే దాటి ట్యాక్సీవే మీద ఆగింది. బయటివాళ్లు తలుపు తెరిచేసరికి 20 నిమిషాలు దాటింది. లోపలున్న 301 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 1983లో ఎయిర్ కెనడా విమానం అమెరికాలోని సిన్సినాటిలో సురక్షితంగానే దిగింది. 46 మందిలో 23 మంది ఆ పొగలోంచి, మంటలోంచి బయటికి రాలేకపోయారు. ఇప్పుడు నడవా పొడుగునా నేల మీద మెరిసే లైట్లు ఆ తర్వాత తప్పనిసరి చేసినవే, చీకట్లో పాకుతూ తలుపు వెతుక్కోవడానికి. అన్నట్టు, పైనుంచి జారిపడే పసుపు మాస్కు పొగను ఆపదు. అది చుట్టూ ఉన్న గాలిని కూడా కలిపే ఇస్తుంది. పొగలో ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని కిందికి వంగాలి. ఎయిర్‌హోస్టెస్ చూపించే డెమోలో ఈ ముక్క ఎంతమంది విన్నారు?

మాకు అన్నిటికంటే కోపం తెప్పించింది మరొకటి. ఫొటోలు, వీడియోలు డిలీట్ చేయమని సిబ్బంది అడిగారనీ, ఒప్పుకోకపోతే ఫోన్ లాక్కోబోయారనీ ఒక ప్రయాణికుడు విలేకరులకు చెప్పారు. ఇదే నిజమైతే, పొగను ఆపలేకపోయినవాళ్లు దాని ఆనవాళ్లను మాత్రం ఆపాలనుకున్నారన్న మాట. టాయిలెట్‌లో సిగరెట్ వెలిగించినవాణ్ని దిగీదిగగానే పోలీసులకు అప్పగిస్తారు. క్యాబిన్ నిండా పొగ నింపిన సంస్థకు మాత్రం నోటీసు, వివరణ, గడువు, ఇంకో గడువు. జులైలో దిగింది కదా అని సరిపెట్టుకున్నారు, అక్టోబర్‌లో మళ్లీ వచ్చింది. ఇప్పుడూ దిగింది కదా అంటే, రేపు మరో సంస్థ కూడా ఇదే మాట చెప్పి తప్పించుకుంటుంది. కాదనడానికి డీజీసీఏకు నోరుంటుందా?

ఆయిల్ పరీక్షల్లో ఏం తేలిందో జనానికి చెప్పకుండా ఆంక్షలు ఎత్తేయకూడదన్నదే మా మాట. జులై తనిఖీల్లో ఏమీ కనపడలేదని సంతకాలు చేసిందెవరో, వాళ్లు ఏం చూశారో కూడా బయటపెట్టాలి. 2022 అక్టోబర్ 29న గడువు ముగిసిన ఆ ఆంక్షల ఫైలు మీద సంతకం పెట్టిన అధికారి, ముందు ఆ రాత్రి ప్రయాణికులు తీసిన వీడియోలు చూడాల్సింది. డిలీట్ కానివి ఇంకా ఉన్నాయి.