గిద్దలూరు ఎన్నికల చరిత్ర: పార్టీ గడి పెన్సిల్‌తో నింపవలెను

నియోజకవర్గ చరిత్ర రాయడం తేలిక. ఏడాది, గెలిచినవారు, పార్టీ, ఓడినవారు, పార్టీ, మెజారిటీ అని ఆరు గడులు గీసి నింపుకుంటూ పోవడమే. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన ఉన్న గిద్దలూరుకు ఈ పద్ధతిలో చిన్న సవరణ అవసరం. అక్కడ పార్టీ గడిని ఇంకుతో నింపకూడదు.

కారణం రికార్డులోనే ఉంది. 2014లో వైఎస్సార్‌సీపీ తరఫున ముత్తుముల అశోక్‌రెడ్డి గెలిచారు, టీడీపీ తరఫున అన్నా రాంబాబు ఓడారు. 2019లో వైఎస్సార్‌సీపీ తరఫున అన్నా రాంబాబు గెలిచారు, టీడీపీ తరఫున ముత్తుముల అశోక్‌రెడ్డి ఓడారు. అచ్చుతప్పేమీ లేదు, రెండు వాక్యాలూ సరిగానే ఉన్నాయి. టీవీ చర్చలో పార్టీ గడి చూసినాయన ‘ఫ్యాను గాలి వరసగా రెండుసార్లు వీచింది’ అంటాడు. పేర్ల గడి చూసినాయన ‘సిట్టింగు ఎమ్మెల్యే చిత్తుగా ఓడాడు’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి చర్చ తెగదు, ప్రకటనల విరామానికి లోటుండదు.

ఈ తారుమారు ఎలా జరిగిందో కూడా చెప్పాలి. 2014లో ఉమ్మడి ప్రకాశం జిల్లాలో వైఎస్సార్‌సీపీకి ఆరుగురు ఎమ్మెల్యేలు వచ్చారు. అద్దంకి, గిద్దలూరు, కందుకూరు, యర్రగొండపాలెం ఎమ్మెల్యేలు నలుగురూ ఆ తర్వాత సైకిలెక్కారు. రాష్ట్రమంతటా అలా ఎక్కినవారు 23 మంది. దాంతో గిద్దలూరు టీడీపీలో గెలిచి వచ్చిన ఎమ్మెల్యే ఒకరు, ఆయన చేతిలో ఓడిన పాత ఇన్‌చార్జి ఒకరు పక్కపక్కన తేలారు. ఆఫీసు ఒకటే, ఫ్లెక్సీలో మధ్య ఫొటో చోటూ ఒకటే. చోటు చాలని పెద్దమనిషి ఎదురింట్లో ఖాళీ అయిన గదిలోకి మారడం న్యాయమే కదా.

ఫిరాయింపుల చట్టం ఉంది కదా అంటారా? బ్రహ్మాండంగా ఉంది. 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలుగా వచ్చింది. మూడోవంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003 సవరణతో తీసేశారు. అనర్హత పిటిషన్ స్పీకరు ముందుకు వెళుతుంది. ఆయన ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం షెడ్యూలులో రాయలేదు. శాసనసభ ఆయుష్షు అయిదేళ్లు, పిటిషన్ ఆయుష్షుకు హద్దు లేదు. ఆ పందెంలో ఎవరు గెలుస్తారో బెట్టింగు రాయుళ్లు సైతం అడగరు. ఆ మాటకొస్తే ఫిరాయింపుల్లో నియోజకవర్గమే అందరికంటే సీనియరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి ఇటు వచ్చింది. అనర్హత పిటిషన్ ఎవరూ వేయలేదు.

రాంబాబు గారి గుర్తులు విడిగా నేర్చుకోవలసిన పాఠం. 2009లో ప్రజారాజ్యం రైలింజను మీద గెలిచారు. ఆ పార్టీ గెలిచిన 18 సీట్లలో ఇదొకటి. 2011లో పార్టీకి పార్టీయే కాంగ్రెస్‌లో కలిసింది. విలీనం ఫిరాయింపు కిందికి రాదు గనక అక్కడ చట్టానికి పని పడలేదు. 2014లో సైకిలు, 2019లో ఫ్యాను. పోలింగు రోజున ఓటరు తాను నొక్కిన గుర్తును వీవీప్యాట్ అద్దంలోంచి 7 సెకన్లు చూసుకోవచ్చు. గెలిచినాయన ఆ గుర్తు మీద ఎన్నాళ్లుంటారో చూపించే అద్దం ఇంకా తయారు కాలేదు.

సొంతంగా పరిశోధన చేయాలనుకునేవారు ఫారం 20, అంటే బూత్‌ల వారీ తుది ఫలితాల పట్టీ, తీసుకోవాలి. అందులో బూత్‌కొక వరస, అభ్యర్థికొక గడి ఉంటాయి. తొందరపడి 2014లో 45వ బూత్‌ను 2019లో 45వ బూత్‌తో పోల్చకండి. ఓటర్లు పెరిగితే బూత్ చీలుతుంది, వెనకాల నంబర్లన్నీ జరిగిపోతాయి. ఊరి పేరు, బడి పేరు చూసి జత చేసుకోవాలి. 2009కి వెనక్కి అసలే వెళ్లొద్దు. అప్పటిదాకా కంభం వేరే నియోజకవర్గం. నియోజకవర్గాల పునర్విభజనలో అది రద్దయ్యాక కంభం మండలం ఇటు కలిసింది. పాత గిద్దలూరు, కొత్త గిద్దలూరు పేరుకే ఒకటి.

ఇక మెజారిటీ. 2019లో 81,035. ఇంత వచ్చిన సీటును ఏ పార్టీ అయినా కదిలించకుండా దాచుకుంటుంది. 2024లో వైఎస్సార్‌సీపీ రాంబాబును మార్కాపురం పంపి, మార్కాపురం ఎమ్మెల్యే కుందురు నాగార్జునరెడ్డిని ఇక్కడ నిలబెట్టింది. ఎమ్మెల్యేల మీద వ్యతిరేకత ఉంది, ఊరు మారిస్తే పోతుందన్నది సిద్ధాంతం. ఇద్దరూ ఓడారు. గిద్దలూరులో టీడీపీ తరఫున అశోక్‌రెడ్డి 973 ఓట్లతో గెలిచారు. అప్పటి నిబంధన ప్రకారం ఒక పోలింగ్ కేంద్రంలో 1,500 మంది దాకా ఓటర్లుండొచ్చు. ఈ మెజారిటీకి ఒక్క కేంద్రం కూడా పూర్తిగా నిండదు.

ఈ గందరగోళమంతటిలో పార్టీ మారనిది వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు ఒక్కటే. 1996లో శంకుస్థాపన జరిగింది, 2024 మార్చిలో జాతికి అంకితమూ జరిగింది. నీళ్ల సంగతి మేనిఫెస్టోలో చూడగలరు.

ఇప్పుడు పార్టీ గడి చెరిపేసి, పేర్ల గడి మాత్రం చదవండి: 2009 రాంబాబు, 2014 అశోక్‌రెడ్డి, 2019 రాంబాబు, 2024 అశోక్‌రెడ్డి. ఇంత క్రమశిక్షణ సైన్యంలో కూడా ఉండదు. లెక్క ప్రకారం 2029 వంతు ఎవరిదో ఎక్కాలు రాని పిల్లాడైనా చెబుతాడు. ఏ గుర్తు మీద, ఏ ఊళ్లో అన్నది మాత్రం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటలకు, పార్టీ ఇచ్చే బీఫాం రిటర్నింగ్ అధికారి బల్ల మీదికి చేరాకే తెలుస్తుంది. కాబట్టి గోడల మీద రాసే పెయింటర్లకు మనవి: ముందు సున్నం కొట్టి, ‘మీ ఓటు’ వరకు రాసుకుని, మిగతా గోడ వదిలేయండి. అడ్వాన్సు మాత్రం ఇరువైపులా తీసుకోవచ్చు.