యూరియా సంచిలో మట్టి పంపితే సంచి రిపోర్టే వస్తుంది

మట్టి పరీక్షకు ల్యాబుకు పంపే నమూనా ఎలా తీయాలో చెప్పే ‘గంటలో మట్టి నమూనా రెడీ’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఆరోసారి వచ్చింది. పాకాల నుంచి ఇద్దరు, చంద్రగిరి నుంచి ఒకరు, చివరికి మా బావ కూడా పంపాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

‘గట్టు పక్కన ఒక్కచోట తవ్వితే చాలు’ అట. ఎకరంలో ఆరంగుళాల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు. ల్యాబుకు పోయేది అర కిలో. గట్టు మట్టి గట్టు సంగతే చెబుతుంది. చేనంతా వంకరటింకరగా తిరిగి, పది చోట్ల ‘వి’ ఆకారంలో గుంత తీసి, దాని పక్కను పైనుంచి కిందిదాకా పలచగా చెక్కాలి.

‘తడి పోవాలంటే పెనం మీద వేయించండి.’ మట్టినా, వేరుశనక్కాయలనా? ఆ వేడికి సేంద్రియ పదార్థం మాడుతుంది, మాంగనీసు లెక్క పెరిగిపోతుంది. నీడలో కాగితం మీద పరిస్తే అదే ఆరుతుంది.

నాకు ఒళ్లు మండింది మూడో మాటకు. ‘పాత యూరియా సంచి దులిపి వాడుకోండి.’ నిన్న అలాంటి సంచినే బోర్లించి నాలుగుసార్లు నేలకేసి కొట్టాను. తర్వాత అడుగు కుట్టు విప్పి చూస్తే మడతలో తెల్లటి గుళికలు, కొన్ని చెమ్మకు కరిగి దారానికి అంటుకుని ఉన్నాయి. లెక్క చూడండి. హెక్టారుకు 280 కిలోల కంటే తగ్గితే నత్రజని తక్కువ అంటారు. అంటే అర కిలో మట్టిలో 62 మిల్లీగ్రాములు. యూరియాలో 46 శాతం నత్రజని, కాబట్టి అర గ్రాము కలిసినా 230 మిల్లీగ్రాములు! ల్యాబు ఇచ్చే మట్టి పరీక్ష కార్డులో ‘నత్రజని ఎక్కువ’ అని వస్తే చెరకు రైతు యూరియా తగ్గిస్తాడు. ఆకు పసుపెక్కాక ల్యాబును తిడతాడు. ఆ నష్టం మెసేజ్ పంపినవాళ్లు కడతారా? కొత్త గుడ్డ సంచి ఎంతవుతుంది చెప్పండి!

‘మామిడికీ ఇదే పద్ధతి.’ కాదు. మూడడుగుల దాకా తవ్వి, అడుగుకొక నమూనా విడిగా తీయాలి.

‘ఇనుముతో దంచొద్దు’ అన్నది మాత్రం నిజం. ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాల పరీక్షకు ఇచ్చే మట్టికి ఇనుము తగలకూడదు. పోయినేడు నేను గడ్డలు చితక్కొట్టింది గడ్డపార మొనతోనే. నా కార్డులో ఇనుము అంకెను నేనే నమ్మలేను. ఈసారి చింత మొద్దుతో చితక్కొట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, మళ్లీ ఇస్తున్నా.