సవరణ: ఆండర్సన్ నిషేధానికి కారణం గంజాయి కాదు

మొన్నటి పోస్టులో, బాస్కెట్‌బాల్ ఆటగాడు క్రిస్ ఆండర్సన్‌ను గంజాయి తాగినందుకే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) రెండేళ్లు ఆటకు దూరం పెట్టిందని రాశాను. అది తప్పు. ఒక మనిషి మీద లేని మచ్చ వేసినట్టయింది, క్షమించండి.

2006 జనవరిలో అతనిపై వేటు పడింది లీగ్ తీవ్రమైనవిగా చూసే మాదకద్రవ్యాల నిబంధన కింద. అది ఏ మాదకద్రవ్యమో లీగ్ బయటపెట్టలేదు. గంజాయి ఆ కోవలోకి రాదు. అప్పట్లో దానికి మొదటిసారి దొరికితే చికిత్స కార్యక్రమం, రెండోసారి 25 వేల డాలర్ల జరిమానా, మూడోసారి 5 మ్యాచ్‌ల సస్పెన్షన్. మిల్వాకీ ఆటగాడు లారీ శాండర్స్‌కు 2014లో పడింది ఆ 5 మ్యాచ్‌లే. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2023 ఒప్పందంతో గంజాయిని నిషేధిత జాబితాలోంచే తీసేశారు.

రెండో అవకాశం దొరికితే మనిషి నిలదొక్కుకోగలడని ఆ పోస్టులో రాసిన మాటకు మాత్రం కట్టుబడి ఉన్నాను. 2008 మార్చిలో ఆండర్సన్ తిరిగొచ్చాడు. 2013లో లీగ్ ఈస్ట్ విభాగం ఫైనల్స్‌లో ఇండియానా జట్టుపై మొదటి 15 షాట్లూ వరసగా బుట్టలో వేశాడు, ఒక్కటీ తప్పలేదు. ఆ ఏడాది మయామీ జట్టు తరఫున లీగ్ టైటిల్ కూడా గెలిచాడు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. దాన్ని షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంచండి.