రెండో మాత్ర మధ్యాహ్నం మూడింటికే ఎందుకు?

ఆంజైనాకి, అంటే గుండెకి రక్తం సరిగా అందక వచ్చే ఛాతీ నొప్పికి, రోజూ మందులు వాడే పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది, అదీ మంచి ఉద్దేశంతోనే. డాక్టరు ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మాత్ర పొద్దున ఎనిమిదింటికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఇంకొకటి వేసుకోమంటారు. ఇంట్లో ఎవరో అది చూసి, రోజుకి రెండంటే పన్నెండు గంటలకోసారి కదా, మధ్యలో ఈ మూడింటి లెక్క ఏమిటని, దాన్ని రాత్రి మాత్రలతో కలిపేస్తారు, పైగా మర్చిపోకుండా ఉంటుందని కూడా అనుకుంటారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు మళ్ళీ మొదలవుతుంది. మందు పనిచేయడం లేదు, డోసు పెంచమని అడుగుదామా అని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

పెంచాల్సింది డోసు కాకపోవచ్చు, ముందు ఆ మూడింటి లెక్కని మళ్ళీ దాని చోట పెట్టి చూడాలి. ఈ మాత్ర నైట్రేట్ రకానిది, నైట్రేట్ మందులు రక్తనాళాలని సడలిస్తాయి, దాంతో గుండె మీద భారం తగ్గుతుంది. కానీ అవి ఇరవై నాలుగు గంటలూ ఒంట్లో ఉంటే రక్తనాళాలు వాటికి అలవాటు పడిపోతాయి, అప్పుడు అదే మాత్ర అదే డోసులో వేసుకున్నా పెద్దగా ఫలితం ఉండదు. అందుకే రోజులో దాదాపు 10 నుంచి 14 గంటలు నైట్రేట్ లేకుండా వదిలేస్తారు, మామూలుగా రాత్రిపూట. మందుని నెమ్మదిగా వదిలే ఒకే మాత్రని పొద్దున్నే ఇవ్వడం, చర్మం మీద అంటించే నైట్రోగ్లిజరిన్ (ఇదీ నైట్రేటే) ప్యాచ్‌ని రాత్రి తీసేయమనడం, అన్నీ ఇందుకే. ఆ ఖాళీ గంటలు కూడా వైద్యంలో భాగమే. మరి రాత్రి నొప్పి వస్తే ఎలా అంటే, ఆ వేళకి రక్షణగా బీటా బ్లాకరో (గుండె వేగాన్ని తగ్గించే మందు) అమ్లోడిపినో (రక్తనాళాలని విప్పార్చే మరో రకం మందు) డాక్టరు కలిపి రాస్తుంటారు. అసలు నొప్పి వచ్చేదే రాత్రి అయితే ఖాళీ సమయాన్ని పగటికి మారుస్తారు, కాబట్టి నొప్పి ఏ వేళకి వస్తోందో డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఈ అలవాటు పడే సంగతి ఆస్పత్రుల కంటే ఫ్యాక్టరీలలో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆంజైనాకి నైట్రోగ్లిజరిన్ వాడకం గురించి విలియం మరెల్ అనే డాక్టరు 1879లో లాన్సెట్ పత్రికలో రాశారు, అదే నైట్రోగ్లిజరిన్‌తో డైనమైట్ తయారుచేసే కార్మికులకేమో సోమవారం వచ్చిందంటే తల పగిలిపోయే నొప్పి. వారం గడిచేకొద్దీ అది తగ్గిపోయేది, సెలవు రోజు ఇంట్లో ఉండి మళ్ళీ పనిలోకి వెళ్తే తిరిగి మొదలయ్యేది. ఒక్క రోజు దూరంగా ఉంటే ఒళ్ళు ఆ అలవాటుని వదిలేసుకుంటోందన్నమాట.

మొదట్లో తలనొప్పి మాత్ర వేసుకునేవాళ్ళకీ వస్తుంది, చాలామందికి వస్తుంది. మందు రక్తనాళాల మీద పనిచేస్తోందనడానికి అది గుర్తు, ఎక్కువమందికి కొన్ని రోజుల నుంచి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా సాధారణంగా పారాసిటమాల్ సరిపోతుంది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ రెండు ముక్కలు ముందే చెప్పకపోవడం వల్ల మనుషులు మూడో రోజుకే మాత్ర మానేసి, ఆ మానేసిన మాట ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. తలనొప్పి భరించలేకపోతే డాక్టరు తక్కువ డోసుతో మొదలుపెట్టగలరు, ఆ అవకాశం ఉందని రోగికి తెలియాలి కదా.

బీటా బ్లాకర్ల విషయంలో చెప్పకుండా మానేయడం మరీ ప్రమాదం. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడుతుంటే నీరసంగా ఉంటుంది, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, నాడి నెమ్మదిస్తుంది, నిజమే. కానీ ఉన్నట్టుండి ఆపేస్తే ఆంజైనా ముందుకంటే ఎక్కువగా తిరగబడవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. ఆపాలంటే డాక్టరు చూసుకుంటూ మెల్లగా తగ్గించాల్సిందే. మాత్రలు అయిపోయాయి, వచ్చే వారం తెచ్చుకుందాంలే అనుకోవడం కూడా ఆపేయడమే.

అమ్లోడిపిన్‌తో సాయంత్రానికి చీలమండలు వాచడం ఇంకొకటి. ఆ వాపు చాలావరకు మందు వల్ల చిన్న రక్తనాళాలు విప్పారడంతో వచ్చేది, ఒంట్లో నీరు పెరిగి వచ్చేది కాదు, అందుకని మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఇంకోటి జోడించినా అంతగా తగ్గదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి మరో మందు చేర్చుకుంటూ పోకుండా, ఇది దేనివల్ల వచ్చింది, డోసు తగ్గించవచ్చా అని అడిగే హక్కు మనకుంది. అయితే కాళ్ళ వాపుతో పాటు ఆయాసం ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: నైట్రేట్ మాత్రల మీద "రోజుకు రెండుసార్లు" అని రాసి వదిలేయడం సరిపోదు, గడియారం టైము రాయాలి, పక్కనే ఎందుకో ఒక్క వాక్యం ఉండాలి. కారణం తెలిసినవాళ్ళు టైము మార్చరు. డాక్టరు రాయకపోతే మీరే అడిగి డబ్బా మీద రాయించుకోండి, మొహమాటం వద్దు. నెమ్మదిగా వదిలే మాత్రని నమలడం, పొడి చేయడం కూడదని అమ్మానాన్నలకి మాత్రలు సర్దిపెట్టే పిల్లలకి కూడా తెలిసి ఉండాలి.

మొహమాటమంటే ఇంకో మాట. నైట్రేట్ వాడేవాళ్ళు అంగస్తంభన సమస్యకి వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ వేసుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకి వచ్చేంతగా పడిపోతుంది. ఇంట్లో చెప్పుకోలేకపోయినా సరే, డాక్టరు దగ్గర, ముఖ్యంగా ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్ళినప్పుడు, ఆ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో దాచకండి, ఎందుకంటే అక్కడ మొదట ఇచ్చే మందుల్లో నైట్రోగ్లిజరిన్ ఒకటి కావచ్చు.

ఇక సుదూర విమాన ప్రయాణాలు. పగలు రాత్రి తారుమారైతే ఆ ఖాళీ గంటలు ఎక్కడ పెట్టాలో బయల్దేరే ముందే డాక్టరునడిగి కాగితం మీద రాయించుకోండి, మాత్రలన్నీ చేతి బ్యాగులో పెట్టుకోండి. డోసు తప్పితే తర్వాతిసారి రెండు కలిపి వేసుకోవద్దు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర జేబులో ఉండాలి, అది కూర్చుని వేసుకోవాలి, అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే మీరున్న చోటి అత్యవసర నంబరుకి ఫోన్ చేయాలి, ఆ నంబరు ఏమిటో విమానం దిగకముందే తెలిసి ఉండాలి.