దూరాల లెక్క కుదిరితే గురుత్వ నమూనా నెగ్గినట్టేనా?

సాగర్‌లో నీటిమట్టం రెండడుగులు తగ్గిందనుకుందాం. ఎగువ నుంచి ఇన్‌ఫ్లో పడిపోయిందా, ఎడమ కాల్వకు ఎక్కువ వదిలారా? మట్టం ఒక్కటే చూసి చెప్పలేం. విశ్వాన్ని వేగంగా విస్తరింపజేస్తోందనుకునే డార్క్ ఎనర్జీ దగ్గరా ఇదే చిక్కు. విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల (పేలిన తారల) దూరాలు చూపించాయి. కారణం డార్క్ ఎనర్జీయా, లేక ఐన్‌స్టీన్ సమీకరణాలనే సవరించాలా? దూరాల డేటాతో ఎంత కుస్తీ పట్టినా ఇది తేలదు. ఐన్‌స్టీన్ గురుత్వాన్ని సవరించే ఎఫ్(ఆర్) నమూనాలో ప్రమేయాన్ని (ఫంక్షన్‌ను) తగినట్టు ఎంచుకుంటే కోరుకున్న వ్యాకోచ చరిత్ర వచ్చేస్తుంది.

అందుకే రెండో గేజీ కావాలి. పదార్థం ఎంత జోరుగా గుంపులు కడుతోందో చూడాలి. ఈ పెరుగుదల రేటు ఐన్‌స్టీన్ లెక్కలో విశ్వంలోని పదార్థ వాటాకు సుమారు 0.55 ఘాతం, గురుత్వం అదనపు మితిలోకి జారుతుందనే డీజీపీ నమూనాలో 0.68. పదార్థ వాటా 0.315 అని వేస్తే మొదటిది 0.53, రెండోది 0.46. గెలాక్సీ సర్వేలు పట్టగల తేడాయే ఇది.

కొన్ని నమూనాలకు ఇంత దూరం రావాల్సిన పనే పడలేదు. 2017 ఆగస్టు 17న సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల న్యూట్రాన్ తారలు ఢీకొన్నాయి. గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకన్లకే గామా కిరణాలూ అందాయి. ఆ రెంటి వేగాలూ వేరని చెప్పే నమూనాలు చాలావరకు ఆ రోజే పడిపోయాయి. ఎఫ్(ఆర్)లో తరంగ వేగం కాంతి వేగమే కాబట్టి అది మిగిలింది.

2025 మార్చిలో గెలాక్సీల పటం గీసే డెసీ సర్వే 1.4 కోట్లకు పైగా గెలాక్సీలు, క్వేజార్లతో (అతి ప్రకాశమైన గెలాక్సీ కేంద్రాలతో) ఇచ్చిన ఫలితం డార్క్ ఎనర్జీ మారుతోందేమోనన్న అనుమానాన్ని పెంచింది. జోడించిన సూపర్‌నోవా జాబితాను బట్టి దాని బలం 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం కాకతాళీయం కాదనడానికి వాడే కొలమానం). దీన్ని గురుత్వం మారిందనడానికి రుజువుగా చూపడం తొందరపాటు, ఎందుకంటే ఇవీ దూరాలే. గుంపుల పెరుగుదలపై అదే సర్వే 2024 నవంబరులో ఇచ్చిన విశ్లేషణ ఐన్‌స్టీన్ పక్షానే నిలిచింది.

నల్లగొండలో, పాలమూరులో ఎంఎస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలు ల్యాప్‌టాప్‌ మీదే ఈ పరీక్ష మొదలుపెట్టొచ్చు. డేటాకు పైసా ఖర్చు లేదు. పాంథియాన్ ప్లస్ అనే సూపర్‌నోవా జాబితాలో 1,701 కాంతి వక్రాలు (వెలుగు మారిన తీరు చూపే గీతలు) ఉన్నాయి. రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే కొలత) 0.01 కన్నా దగ్గరివి తీసేయాలి. అక్కడ గెలాక్సీల సొంత కదలికలు వ్యాకోచాన్ని కప్పేస్తాయి. తీసేసినవాటి వరుసల్నీ నిలువుల్నీ కోవేరియన్స్ మాత్రికలోంచి (కొలతల దోషాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చెప్పే పట్టికలోంచి) కూడా తీసేయాలి. ఆ ముడుల్ని వదిలేసి వికర్ణం మాత్రమే వాడితే ఫలితాల అవధులు ఉత్తుత్తిగా బిగుసుకుంటాయి.

చాలామంది వాడే 57 బిందువుల హబుల్ పట్టికలో (వేర్వేరు కాలాల్లో వ్యాకోచ రేటు చూపే పట్టికలో) 26 బేరియాన్ ధ్వని డోలనాల (తొలి విశ్వంలోని ధ్వని తరంగాలు గెలాక్సీల అమరికలో మిగిల్చిన ముద్రల) నుంచి వచ్చినవే. దానికి మళ్లీ ఆ డోలనాల డేటానే కలిపితే ఒకే కొలతను రెండుసార్లు లెక్కేసినట్టు. మిగతా 31తోనే పని కానివ్వాలి.

పెరుగుదల లెక్కలో జరిగే తప్పు కంటికి ఆనదు. సిగ్మా-8ను (పదార్థం ఇవాళ ఎంతగా గుంపులు కట్టిందో చెప్పే సంఖ్యను) 0.81గా బిగించేస్తారు. ఆ సంఖ్య తొలి విశ్వపు కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం కొలతల్లోంచి ఐన్‌స్టీన్ గురుత్వాన్ని నమ్మి తీసింది. తొలినాటి హెచ్చుతగ్గుల పరిమాణాన్ని తీసుకుని, పరీక్షిస్తున్న నమూనాతోనే ఇవాళ్టిదాకా నడిపించి సిగ్మా-8ను రాబట్టాలి.