‘స్టేజ్ 1’ అని రాసే ముందు గ్రంథులు చూశారా?

అండాశయంలో గడ్డ. స్కానింగ్‌లో కడుపులో నీరు లేదు, ఇంకెక్కడా తేడా కనిపించలేదు. ఆపరేషన్ చేసి గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. ‘గడ్డ అండాశయం దాటలేదు, స్టేజ్ 1, భయపడొద్దు’ అని ఇంటివాళ్లకు ధైర్యం చెప్పి పంపారు. ఆ మాటకు ఆధారం ఏమిటి? క్యాన్సర్ కణాలు పాకి చేరే లింఫ్ గ్రంథుల్లో ఒక్కటీ తీయలేదు, పరీక్షకు పంపలేదు. అలాంటప్పుడు కాగితం మీద రాసిన ఆ అంకెను స్టేజ్ అనలేం. అది ఊహ మాత్రమే. ఆ ఊహ మీదే ఆమెకు కీమో ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేస్తున్నారు.

కంటికి అండాశయానికో, పొత్తికడుపు అడుగున ఉండే కటి భాగానికో పరిమితమైనట్టు కనిపించిన క్యాన్సర్లలో గ్రంథులకు పాకినవి ఎన్ని? పాత అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టిన ఒక సమీక్ష 2011లో వచ్చింది. సగటున 14 శాతం అని తేలింది. అందులోనూ గడ్డ తీరును బట్టి తేడా చాలా ఉంది. కణాలు ఎంత వికృతంగా మారాయో చెప్పే గ్రేడ్ తక్కువగా ఉన్న గ్రేడ్ 1లో 4 శాతం, ఎక్కువగా ఉన్న గ్రేడ్ 3లో 20 శాతం. కణాల తీరును బట్టి చేసే రకాల్లో సీరస్ అనేదానిలో 23 శాతం దాకా, మ్యూసినస్ అనేదానిలో 3 శాతం లోపే. గ్రంథులకు పాకిన కేసుల్లో దాదాపు సగం మందికి కటి భాగంలోని గ్రంథులు శుభ్రంగానే ఉన్నాయి. క్యాన్సర్ ఉన్నది పైన, బృహద్ధమని పక్కన ఉన్న గ్రంథుల్లో మాత్రమే.

కింద గడ్డ ఉంటే పైన గ్రంథి ఎందుకు పాడవుతుంది? అండాశయం ఏర్పడేది కటిలో కాదు. పిండదశలో కిడ్నీల దగ్గర ఏర్పడి, క్రమంగా కిందికి దిగుతుంది. దిగేటప్పుడు తన రక్తనాళాలను, లింఫ్ నాళాలను వెంట తెచ్చుకుంటుంది. అందుకే ఎడమ అండాశయ సిర ఇప్పటికీ వెళ్లి ఎడమ కిడ్నీ సిరలోనే కలుస్తుంది. క్యాన్సర్ కణం కూడా అదే దారి పట్టి నేరుగా కిడ్నీల ఎత్తుకు చేరుతుంది. గర్భసంచి పక్కగా కటి గ్రంథులకు వెళ్లే రెండో దారి ఉంది. అరుదుగా గజ్జల్లోకి వెళ్లే మూడోదీ ఉంది. గడ్డ ఒకవైపే ఉన్నా గ్రంథి అవతలివైపు పాడవచ్చు. కాబట్టి ఒక పక్క చూసి వదిలేయడానికి లేదు.

సరైన స్టేజింగ్ ఆపరేషన్ ఎలా ఉండాలో పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. బొడ్డు పైదాకా నిలువు కోత. పొట్ట తెరవగానే, ఏదీ కదపకముందే, సెలైన్‌తో కడిగి ఆ నీటిని పరీక్షకు పంపాలి. గడ్డను పగలనీయకుండా సంచిలా ఉన్నదాన్ని ఉన్నట్టు బయటకు తీయాలి. చేతిలో పగిలితే స్టేజ్ 1లోనే తొలి మెట్టు 1ఏ కాస్తా పై మెట్టు 1సీ1 అయిపోతుంది. తర్వాత ఫ్రోజెన్ సెక్షన్, అంటే గడ్డ ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద చూడటం. రోగి టేబుల్ మీద ఉండగానే క్యాన్సరా కాదా అన్న జవాబు రావాలి. క్యాన్సర్ అని వస్తే పేగుల ముందు వేలాడే కొవ్వు పొర ఒమెంటం తీయాలి. ఛాతీని, పొట్టను వేరుచేసే డయాఫ్రం కిందినుంచి, పెద్దపేగు పక్క కాలువల నుంచి, మూత్రాశయం మీదినుంచి పొట్ట లోపలి పొర పెరిటోనియం ముక్కలు తీయాలి. చివరగా గ్రంథులు. కటిలో రెండువైపులా, ఆ పైన బృహద్ధమని, మహాసిరల వెంట ఎడమ కిడ్నీ సిర దాకా.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ చివరి మెట్టులోనే. పెద్దపేగు దిగువ భాగానికి రక్తం తీసుకెళ్లే ఇన్‌ఫీరియర్ మిసెంటరిక్ ధమని దగ్గరికి రాగానే చాలామంది సర్జన్లు ఆగిపోతారు. ఆ పైన పని కష్టం. పేగుల్ని పక్కకు తప్పించాలి, సిర చిరిగితే రక్తస్రావం ఆపడం అంత సులభం కాదు. కానీ ఆ ధమనికీ కిడ్నీ సిరకూ మధ్య, ఎడమపక్క ఉన్న గ్రంథులే అసలు అనుమానించవలసినవి. పొత్తికడుపు కింద పెట్టే అడ్డకోతలోంచి అక్కడికి చెయ్యి చేరదు. ‘తడిమి చూశాం, గ్రంథులేమీ లేవు’ అన్నది ఇంకో సాకు. సెంటీమీటరు లోపు గ్రంథిలో క్యాన్సర్ ఉన్నా వేలికి తెలియదు. సీటీ స్కాన్ కూడా సైజు చూసి చెబుతుందే తప్ప లోపలి కణాలను చూపించదు.

ఎదుటివాదం తేలికైనది కాదు. 2019లో వెలువడిన లయన్ అనే క్లినికల్ పరీక్షలో (రోగుల మీద చేసిన ట్రయల్), ముదిరిన దశలో మామూలుగా కనిపించే గ్రంథులను తీసేస్తే ఆయుష్షు పెరగలేదు. పైగా 60 రోజుల్లోపు మరణాలు 0.9 శాతం నుంచి 3.1 శాతానికి చేరాయి. తొలిదశలోనే ఇటలీ బృందం చేసి 2006లో వెలువరించిన పరీక్షలో కూడా పూర్తిగా గ్రంథులు తీసినవారికి, కొన్నే తీసినవారికి మధ్య బతికే కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్ సమయం మాత్రం 150 నిమిషాల నుంచి 240కి పెరిగింది, రక్తం ఎక్కించాల్సినవారు 22 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. తర్వాత కాలి వాపు, లింఫ్ ద్రవం చేరి ఏర్పడే తిత్తులు ఉండనే ఉంటాయి.

ఇవన్నీ నిజాలే. కానీ ఈ లెక్కలు జవాబిస్తున్నది వేరే ప్రశ్నకు. గ్రంథులు తీస్తే జబ్బు నయమవుతుందా అని అవి అడిగాయి. తొలిదశలో గ్రంథి తీసేది వైద్యం కోసం కాదు, సమాచారం కోసం. ఆ ఇటలీ పరీక్షలోనే చూడండి. కొన్నే తీసిన గుంపులో 9 శాతం మందికి గ్రంథుల్లో క్యాన్సర్ దొరికితే, పూర్తిగా తీసిన గుంపులో 22 శాతం మందికి దొరికింది. చీటీ వేసి సమానంగా విడదీసిన రెండు గుంపులివి. అంటే మొదటి గుంపులోనూ జబ్బు ఉంది, వెతకనందువల్ల దొరకలేదు.

దొరికితే ఏం మారుతుందంటారా? 2014 నుంచి అమల్లో ఉన్న ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య) విభజన ప్రకారం గ్రంథిలో క్యాన్సర్ ఉంటే అది స్టేజ్ 1 కాదు, స్టేజ్ 3లోని 3ఏ1. కీమో తప్పనిసరి. బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న స్టేజ్ 3, 4 రోగులకు కీమో తర్వాత రెండేళ్లు ఓలాపారిబ్ మాత్రలు ఇచ్చి చూసిన సోలో-1 పరీక్షలో ఏడేళ్ల తర్వాత 67 శాతం మంది బతికున్నారు. మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన గుంపులో 46.5 శాతమే. తప్పుగా ‘స్టేజ్ 1’ అని రాసిన స్త్రీకి ఆ మాత్ర గురించి చెప్పేవారే ఉండరు. గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని తేలిన స్త్రీకీ లాభమే. యూరప్‌లో జరిగిన యాక్షన్ పరీక్షలో, పూర్తి స్టేజింగ్ జరిగినవారికి కీమో వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. అరకొర స్టేజింగ్ జరిగినవారికే కనిపించింది. అంటే అక్కడ కీమో, సర్జన్ వదిలేసిన జబ్బుకు పనిచేసింది. ఆ పరీక్షలోని 448 మందిలో పూర్తి స్టేజింగ్ జరిగింది 151 మందికే. అదీ యూరప్‌లో, పరీక్షలో చేర్చుకున్న రోగులకు!

అందరికీ గ్రంథులు తీయమని ఎవరూ అనడం లేదు. అండం కణాల నుంచి పుట్టే జెర్మ్‌సెల్ గడ్డల్లో, అండాశయపు ఆధార కణజాలం నుంచి పుట్టే స్ట్రోమల్ గడ్డల్లో, కణజాలంలోకి చొచ్చుకుపోని మ్యూసినస్ రకంలో ఆ అవసరం లేదు. పిల్లలు కావాలనుకునే యువతికి గర్భసంచి, రెండో అండాశయం ఉంచి కూడా స్టేజింగ్ చేయవచ్చు. ఇవన్నీ తెలిసి తీసుకునే నిర్ణయాలు. చూడకుండా వదిలేయడం నిర్ణయం కాదు.

ఇక్కడ మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. గర్భసంచి ఆపరేషన్‌ను ఇంత మామూలు చేసుకున్న చోట అండాశయ గడ్డ కూడా అదే ఒరవడిలో వెళుతుంది. అదే అడ్డకోత, అదే గంట పని, అదే డిశ్చార్జ్ సమ్మరీ. ‘గర్భసంచి, రెండు అండాశయాలు తీశాం’ అని ఒక్క వాక్యం. డయాఫ్రం చూశారా, గడ్డ పగిలిందా, గ్రంథులు ఎంతవరకు తీశారు అన్నది అందులో ఉండదు. రోగి మరో ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టర్‌కు ఆ వాక్యం ఏ పనికీ రాదు. స్త్రీ శరీరంలోంచి అవయవం తీసేయడానికి చూపే చొరవలో పదోవంతు ఆ తీసినదాని గురించి రాయడంలో చూపడం లేదు. నా దృష్టిలో గ్రంథుల సమస్యకు వేరు ఇక్కడే ఉంది. స్కాన్‌లో గడ్డ లోపల గట్టి భాగాలుండి, రక్తపరీక్షలో చూసే సీఏ-125 అనే క్యాన్సర్ సూచిక పెరిగి ఉంటే జిల్లా పట్టణంలో కత్తి పట్టకుండా గైనిక్ ఆంకాలజీ (స్త్రీల జననాంగ క్యాన్సర్ల) విభాగం ఉన్న చోటుకు పంపడం నిబంధన కావాలి. ఆపరేషన్ నోట్స్ పూర్తి ప్రతి డిశ్చార్జ్ రోజే రోగి చేతికి రావడం కూడా నిబంధనే కావాలి. ఆరోగ్య పథకాల బిల్లు ఆ ప్రతి జత చేస్తేనే పాస్ చేయాలి.

ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవారికి దారి మూసుకుపోలేదు. రెండోసారి లాప్రోస్కోపీతోనైనా గ్రంథులు, ఒమెంటం తీసి స్టేజింగ్ పూర్తి చేయవచ్చు. అది కీమోకు ముందే జరగాలి. ఒకసారి కీమో ఎక్కితే చిన్న మచ్చలు కరిగిపోయి, అసలు స్టేజ్ ఏమిటో ఇక తేలదు. వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే చాలదు. ల్యాబ్ నుంచి గడ్డ ముక్కలను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోవాలి, గ్రేడ్, రకం మళ్లీ చూడటానికి అవి కావాలి. ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకుని ‘ఎడమ రీనల్ (కిడ్నీ) సిర వరకు’ అన్న మాట ఉందేమో వెతకాలి. లేకపోతే మొదటి కీమో తేదీ ఖాయం చేసుకునేలోపే గైనిక్ ఆంకాలజీ సర్జన్‌కు చూపించాలి.